పుస్తకం కుట్టబోతున్న బిడ్డకు

బిడ్డా, చేత్తో పుస్తకం చేయాలని ఉందన్నావు. నువ్వు ఫోన్‌లో చూపించిన తోలు అట్ట పుస్తకం నాకూ నచ్చింది. వీపు మీద రంగుదారాల గొలుసు, గరుకు అంచుల కాగితం, మూసేందుకు ఇత్తడి గుండీ, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. అలాంటిది చేయాలంటే ఏమేం కొనాలని అడిగావు. కొనే సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకు రెండు మాటలు చెప్పు. అందులో ఏం రాస్తావు? దాన్ని ఎవరు తెరుస్తారు?

ఈ రెండూ తేలితే మిగతావన్నీ తేలతాయి. కాగితం మందంగా ఉండాలా పలచగా ఉండాలా, ఎంత పొడవు, ఎన్ని పేజీలు, గుడ్డ అట్ట వేయాలా మామూలు అట్ట చాలా, ఇవన్నీ ఆ పుస్తకం చేయబోయే పనిని బట్టి వచ్చే సంగతులు. పని తెలియకుండా కుట్టిన పుస్తకం ఎంత అందంగా ఉన్నా బీరువాలోనే ఉంటుంది. మొదటి పేజీ పాడవుతుందని దాంట్లో ఎవరూ రాయరు. బడిలో పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ జూన్‌లో బడి తెరవగానే పిల్లలను వరండాలో కూర్చోబెట్టి నోట్సులు కుట్టించేదాన్ని. నిరుడు మిగిలిన ఖాళీ కాగితాలు, లావు సూది, దారం, అంతే సామాను. ఆ వంకరటింకర నోట్సుల్లో పిల్లలు వెనక అట్ట లోపలివైపు దాకా లెక్కలు చేసేవాళ్లు. అది దేనికోసమో కుట్టేటప్పుడే వాళ్లకు తెలుసు.

నన్నడిగితే నీ కోసం ఒక పని ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నది. మీ అమ్మమ్మ పాటలు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా మన వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె గొంతు అందుకుంటేనే చప్పట్లు మొదలుపెడతారు. నాట్ల పాటలు వేరే, పెండ్లి పాటలు వేరే, తొట్టెల పాటలు వేరే. ఒక్కటి కూడా కాగితం మీద లేదు. ఆమెకు రాయడం రాదు, నీకు వచ్చు. ఫోన్‌లో రికార్డు చేస్తానంటావు. చెయ్యి, అదీ కావాలి. కానీ ఆ ఫోన్ నీ చేతిలో ఉంటుంది, పాట కావలసింది వాకిట్లో కూర్చున్న నలుగురికి.

ఉస్మానియాలో పనిచేసిన బిరుదురాజు రామరాజు గారు ఈ పనినే జీవితమంతా చేశారు. ఊరూరా తిరిగి పాటలు రాసుకున్నారు. ఆయన పరిశోధన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో పుస్తకంగా వచ్చింది. తాళపత్రాలను కూడా ఇంటింటికీ పోయి సేకరించారు. ఒకే మనిషి నోటి పాటల వెంటా తాటాకుల వెంటా తిరగడం నాకు ఎప్పుడూ సబబుగా తోస్తుంది. రెండూ పట్టించుకునేవాళ్లు లేకపోతే మాయమయ్యేవే కదా.

తాటాకులంటే గుర్తొచ్చింది, మన జిల్లాలోని కొల్చారం పేరు వినే ఉంటావు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది ఆ ఊరే. దేశంలో ఎక్కడ రఘువంశం చదివినా ఆయన వ్యాఖ్యానం పక్కన పెట్టుకునే చదువుతారు. అచ్చు యంత్రం రాకముందు అన్ని వందల ఏళ్లు అది ఎట్లా నిలిచింది? ఎవరో తాటాకులను ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేశారు. గంటంతో రాసి, ఆ గీతల్లోకి మసి రుద్దారు. ఆకులకు రంధ్రాలు చేసి తాడు ఎక్కించి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి కట్టారు. ఆకులు పాతబడితే ఇంకొకరు కూర్చుని మళ్లీ రాశారు. రాతప్రతి చివర పుస్తకాన్ని నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి కాపాడమని చదివేవాళ్లను వేడుకోవడం లేఖకులకు ఆనవాయితీ. నూనె, నీళ్లతో పాటు వదులు కట్టును కూడా శత్రువుల్లో చేర్చారు చూడు. పుస్తకం చేయడం నేర్చుకునేవాళ్లు మొదట తెలుసుకోవలసిన సంగతి అది. రాత బాగున్నా, కాగితం బాగున్నా, కుట్టు వదులైతే పేజీలు ఒక్కొక్కటే జారిపోతాయి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ముందు కాగితం.

ప్రతి కాగితానికీ ఒక వాటం ఉంటుంది. మిల్లులో గుజ్జు కదిలే జాలీ మీద పారేటప్పుడు నారపోగులు ఎక్కువగా ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. వాటం వెంట మడిస్తే మడత నున్నగా, వెదురు చీలినట్టు సులువుగా వస్తుంది. అడ్డంగా మడిస్తే మడత దగ్గర కాగితం పగులుతుంది, పుస్తకం మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది. ఇది నమ్మకంతో ఒప్పుకోవద్దు, ఒక పాత దినపత్రిక తీసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చించి చూడు. ఒక దిక్కు గీత గీసినట్టు చినుగుతుంది, రెండో దిక్కు ఎటో పోతుంది. చించడానికి వీల్లేని మంచి కాగితమైతే మడత పడకుండా మెల్లగా వంచి అరచేత్తో నొక్కి చూడు. ఎటు వంచితే తక్కువ ఎదురు తిరుగుతుందో, మడత అటే వేయాలి.

జిరాక్స్ దుకాణంలో దొరికే ఏ4 కాగితానికి వాటం సాధారణంగా పొడవు వెంట ఉంటుంది. కొత్తవాళ్లంతా దాన్నే తెచ్చి సగానికి మడుస్తారు, అంటే వాటానికి అడ్డంగా. అలా కాక, ముందు దాన్ని అడ్డంగా రెండు ముక్కలు కొయ్యి. ఆ ముక్కను మళ్లీ సగానికి మడువు. మడత వాటం వెంట పడుతుంది, అరచేతిలో పట్టే చిన్న పుస్తకం వస్తుంది. మూడు ఏ4 కాగితాలకు ఆరు ముక్కలు, ఒకదానిలో ఒకటి పెడితే 24 పేజీలు. నీ మొదటి పుస్తకం ఇదే. ఇంతకు మించి పెద్దది మొదట పెట్టుకోకు.

చిన్నదని చిన్నచూపు వద్దు. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాదీ అనే చోట మట్టి జాడీలో పుస్తకాలు దొరికాయి. నాలుగో శతాబ్దం నాటివి, పపైరస్ మీద రాసి తోలు అట్టలు వేసినవి. వాటిలో చాలామటుకు ఇట్లా ఆకులన్నీ ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యలో కుట్టినవే. పదహారు వందల ఏళ్లు నిలిచిన పద్ధతితో మొదలుపెడుతున్నావు.

మడత వేశాక గోటితో గీయకు, గోరు కాగితం మీద మెరుపు గీత వదులుతుంది. చెంచా వీపుతో రుద్దు, మధ్యలో ఒక ఖాళీ కాగితం అడ్డం పెట్టి. ఆరు ముక్కలనూ విడివిడిగా మడిచి తర్వాత ఒకదానిలో ఒకటి పెట్టు, అన్నీ కలిపి మడిస్తే లోపలి మడతలు మొద్దుగా వస్తాయి. పైన అట్టగా పాత శుభలేఖ ఒకటి చాలు, మీ ఇంట్లో అటక మీద కట్టలున్నాయి. మందమైనదే ఎంచుకో, దానికీ వాటం చూసుకునే మడువు.

రంధ్రాలు దబ్బనంతో వద్దు, అది గోనెసంచులకు. కాగితానికి మామూలు లావు సూది చాలు. రంధ్రం దారం పట్టేంత ఉండాలి, అంతకన్నా పెద్దదైతే పేజీలు ఆడతాయి. ఒక అట్టముక్కను పుస్తకం పొడవుకే కోసి, మధ్యలో ఒకటి, రెండు కొసలకు రెండు వేళ్ల దూరంలో ఒక్కొక్కటి గుర్తు పెట్టు. దాన్ని మడత లోపల ఆనించి, లావుపాటి పాత పుస్తకాన్ని నడిమికి తెరిచి ఆ లోయలో నీ కాగితాలు పెట్టి, లోపలి నుంచి బయటికి పొడువు. ఇలాంటి అట్టముక్కను ఎప్పుడూ పారెయ్యకు, దాని అవసరం తర్వాత చెప్తా.

దారం నూలుది, గట్టిది కావాలి. పూలు గుచ్చే దారం తెగుతుంది, నైలాన్ కాగితాన్ని కోస్తుంది. వీపు పొడవుకు మూడింతలు తెంపుకుని తేనెమైనం మీద రెండుసార్లు లాగు. మైనం లేకపోతే కొవ్వొత్తి. మైనం పట్టిన దారం చిక్కుపడదు, ముడి జారదు. ఇక కుట్టు. లోపల మధ్య రంధ్రం నుంచి సూది బయటికి తియ్యి, తోక కొంచెం లోపలే వదులు. బయట పైకి పోయి పై రంధ్రంలో లోపలికి రా. లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి నేరుగా కింది రంధ్రంలోంచి బయటికి పో. బయట నుంచి మళ్లీ మధ్య రంధ్రంలో లోపలికి రా. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉన్నాయి. లోపల పై నుంచి కిందికి ఒక పొడుగు దారం పడి ఉంది చూడు, ఆ రెండు కొసలు దానికి చెరోపక్క ఉండాలి. దాన్ని కలుపుకునే ముడి వెయ్యి. ఒకే పక్కన ఉంటే ముడి పట్టదు. బిగించేటప్పుడు దారాన్ని వీపు వెంట లాగు, ఎదురుగా లాగితే రంధ్రం చిరుగుతుంది.

అంతే, పుస్తకమైంది. ఒక సాయంత్రం పని. దాంట్లో ఏదో ఒకటి ఆ రోజే రాయి, కిరాణం లెక్కైనా సరే. తర్వాత రెండు, మూడు కుట్టి స్నేహితులకు ఇయ్యి. చేతికి దారం బిగువు తెలియడానికి అదొక్కటే తొవ్వ, నా మాటలతో అది రాదు.

చెయ్యి కుదిరాక పాటల పుస్తకం. ఇక్కడ నేను మొదట అడిగిన ప్రశ్నలు పనికొస్తాయి. దీన్ని తెరిచేది ఎవరు? అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునే ఆడవాళ్లు, చేతులకు పసుపో నూనెనో ఉన్నవాళ్లు, కండ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు. కాబట్టి అక్షరం పెద్దగా ఉండాలి, పేజీ పెద్దదవ్వాలి, తెరిచి ఒడిలో పెడితే తనంతట తాను తెరుచుకుని ఉండాలి. వీపుకు గమ్ పూసి అతికించిన పుస్తకం అట్లా ఉండదు, మూసుకుపోతుంది, బలవంతంగా విప్పితే పేజీలు ఊడతాయి. కుట్టిందే కావాలి. జోగిపేటలోనో సంగారెడ్డిలోనో ఏ3 కాగితం అడుగు, 80 జీఎస్ఎంకు తగ్గకుండా. వాటం పొడవు వెంట ఉందని చూసుకుని, అడ్డంగా సగానికి కోసి, ఆ ముక్కలు మడిస్తే నోట్‌బుక్కంత పేజీ వస్తుంది, వాటం కూడా సరిగ్గా ఉంటుంది. వీపు పొడవు పెరిగింది గనుక ఐదు రంధ్రాల గుర్తులతో కొత్త అట్టముక్క కోసుకో. కుట్టే దారి పాతదే, ఒక కొసకు పోయి వెనక్కి వచ్చి, మధ్యను దాటి, రెండో కొసకు పోయి మధ్యకు చేరడం.

అన్ని పాటలకూ ఒకే లావు పుస్తకం చేయాలని చూడకు. బతుకమ్మవి ఒక చిన్న పుస్తకం, నాట్లవి ఒకటి, పెండ్లివి ఒకటి, ఇట్లా విడివిడిగా కుట్టు. కొలత మాత్రం మార్చకు, రంధ్రాలకు అదే అట్టముక్క వాడు. అట్టముక్కను దాచమన్నది ఇందుకే. రేపు ఐదారు పుస్తకాలు నిండాక, వాటి కుట్లు విప్పి, ఒక్కొక్కదాన్ని ఒక ఫారంగా, అంటే పెద్ద పుస్తకంలో ఒక మడతకట్టగా చేసి, అన్నింటినీ అవే రంధ్రాల గుండా ఒకదానికొకటి గొలుసుకుట్టుతో కలపవచ్చు. అప్పుడు వస్తుంది నువ్వు ఫోన్‌లో చూపించిన ఆ రంగుదారాల వీపు. అది అలంకారంగా మొదలుకాలేదు బిడ్డా, ఫారాలు కలిపి పట్టే పని కోసం పుట్టింది.

కాగితం గురించి ఇంకొక్క మాట. దినపత్రిక నాలుగు నెలలు ఎండ తగిలే చోట పెడితే పసుపు పడుతుంది కదా. కర్రగుజ్జులో ఉండిపోయిన లిగ్నిన్ అనే పదార్థం వల్ల అది. గుడ్డపేలికలతో చేసిన కాగితానికి ఆ బెడద లేదు. నిజాం రాజ్యంలో కోరుట్లలో, కోయిలకొండలో చేత్తో కాగితం చేసేవాళ్లు. కోరుట్ల కాగితం మీద పట్వారీలు లెక్కలు రాసుకునేవాళ్లు. ఇప్పుడు చేతికాగితం కావాలంటే హైదరాబాదులో దొరుకుతుంది, కానీ నీ పాటల పుస్తకానికి అది వద్దంటాను. చాలా రకాలు గరుకుగా ఉండి కలం ఆగుతుంది, సిరా పాకుతుంది, ఖరీదు చూసి నీ చెయ్యి వెనక్కి లాగుతుంది. పైన అట్టకు వాడుకో, చక్కగా ఉంటుంది.

రాయడానికి జెల్ పెన్ను వద్దు, చాలావాటి సిరా చెమట తగిలినా పరుచుకుంటుంది. బాల్‌పెన్ను నయం. అన్నింటికన్నా పెన్సిల్ గట్టిది. నీళ్లు పడినా పోదు, ఎండకు వెలవదు. తాటాకు గీతల్లో రుద్దిన మసీ పెన్సిల్ ముల్లూ ఒకే కర్బనం.

పాట కుడి పేజీ మీదే రాయి, ఎడమ పేజీ ఖాళీగా వదులు. ఇది మాత్రం నా మాట తప్పకుండా విను. మన బతుకమ్మ పాట టేక్మాల్‌లో పాడితే రెండు చరణాలు మారతాయి, రేగోడ్‌లో ఇంకో పేరు వస్తుంది. మన దగ్గర బేతాళస్వామి జాతరకు చుట్టాలు వచ్చినప్పుడు ఎవరో ఒకరు ‘మేమిట్ల పాడం’ అంటారు. అన్న వెంటనే ఎడమ పేజీ తెరిచి వాళ్ల పాట రాసుకో. ఎవరు పాడారో, వాళ్లది ఏ ఊరో, ఏ తేదీనో కింద వెయ్యి. ఏది సరైన పాట అని తీర్పు చెప్పకు. అమ్మమ్మ ‘కోయిల’ను ఎట్లా పలికితే అట్లానే రాయి, బడి తెలుగులోకి దిద్దకు. వీపు వైపు రెండు వేళ్ల జాగా వదులు, రేపు ఫారాలు కలిపి కుట్టినప్పుడు అక్షరాలు మడతలోకి పోకుండా.

రాసి దాచడం ఎందుకో చెప్తా. 1930లో నిజాం ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం మన పక్కనున్న జోగిపేటలోనే జరిగింది, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని చూపించారు. ఊళ్లలో ఎవరి ఇంట్లో వాళ్లు రాసుకుని దాచుకున్నందుకే అడిగినప్పుడు అంతమంది పద్యాలు చేతికొచ్చాయి. ఆడవాళ్ల పాటలను అట్లా దాచిన ఇళ్లు తక్కువ, రాయడం రానివాళ్ల నోట్లో ఉన్నవి గనుక. మన ఇంట్లోనైనా ఆ లోటు ఉండకూడదని నా కోరిక. నీ చేతిపని మోజును ఇటు తిప్పుతున్నది అందుకే.

గుడ్డ అట్ట, గట్టి అట్టలు, లయి పని చివర వస్తుంది. దానికి తొందర లేదు, వానాకాలం అసలే వద్దు, లయి ఆరక బూజు పడుతుంది. అయినా లయి అనే ఆ మైదా జిగురు ఎట్లా చేస్తారో తెలిసి ఉండాలి. ఒక పాలు మైదాకు ఐదారు పాళ్ల నీళ్లు, ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే చిక్కబడి మెరుస్తుంది. దించి చల్లార్చి వాడాలి. దుకాణాల్లో బైండింగు చేసేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, వంటింట్లో తిరిగే పుస్తకానికి వద్దు. ఆ పూటకు సరిపడా కాచుకుంటే చాలు. చేర్యాల నకాషీ బొమ్మలవాళ్లు వాడే చింతగింజల జిగురు కూడా మంచిదే, కాచేందుకు ఓపిక కావాలి. గుడ్డ మీద నేరుగా లయి పూస్తే నేత సందుల్లోంచి పైకి మరకలు వస్తాయి, కాబట్టి గుడ్డ వెనక ముందు పలుచటి తెల్లకాగితం అతికించి ఆరనివ్వాలి. ఇంకొకటి, అట్టకు ఒక వైపే అతికిస్తే తడి ఆరేటప్పుడు గుడ్డ ముడుచుకుని అట్టను విల్లులా వంచుతుంది. లోపలివైపు కూడా కాగితం అతికిస్తే రెండు లాగుళ్లూ సమమై అట్ట నిటారుగా ఉంటుంది. అతికించాక రెండు పీటల మధ్య పెట్టి పైన సన్నెకల్లు పెట్టి ఒక రాత్రంతా కదపకుండా ఉంచాలి.

అమ్మమ్మ పాత నేతచీర ఒకటి నా దగ్గర ఉంది. చెంగు చినిగింది, ఒళ్లు గట్టిగానే ఉంది, ఐదారు పుస్తకాలకు అట్టలవుతుంది. అడిగితే ఆమె కాదనదు, అయినా నువ్వే అడుగు.

ఎంగిలిపూల నాటికి బతుకమ్మ పుస్తకం ఒక్కటి ఖాళీగానైనా కుట్టి తీసుకురా. ఆడుతున్నప్పుడు రాయబోకు, మధ్యలో ఆపితే ఆమెకు చరణం జారుతుంది. ఇంటికొచ్చి సద్ది తిన్నాక నెమ్మదిగా అడిగితే మళ్లీ పాడుతుంది. రోజుకు ఒక పాట చాలు. ఏ3 కాగితానికి పైసలు నేనిస్తా, సూది, మైనం నా పెట్టెలో ఉన్నాయి. దారం మాత్రం నువ్వే చూసి కొనుక్కో, దుకాణంలోనే రెండు చేతులతో గట్టిగా లాగి చూసి.